టార్చిలో పెట్టిన చచ్చిన సెల్లులు

ఒరేయ్ దామోదరం,

షిఫ్టు నుంచి రాగానే అన్నం తిను, చారు వేడి చేసుకో. నీ నాటకం తుపాకీ బియ్యం డబ్బా మీద ఉంది. అందులో సెల్లులు వెతకొద్దు. అవి నావి, నా టార్చిలో వేసుకుని డ్యూటీకి పోతున్నాను.

బొమ్మ తుపాకీకి ఎర్ర లైటు పెట్టుకో, ఇన్‌స్పెక్టర్ వేషం కట్టు, నేను వద్దన్నానా? అడిగితే కొత్త సెల్లులు కొనిచ్చేదాన్ని. అడక్కుండా తీసుకున్నదీ కాక, బరువు తేడా తెలియకుండా రేడియోలో అయిపోయిన సెల్లులు నా టార్చిలో పెట్టావు చూడు, దానికే నాకు ఒళ్లు మండుతోంది.

నిన్న వాగు అవతల భీమక్కకు కాన్పు చేశాను. గుడిసెలో చీకటి. టార్చి నొక్కితే వెలగలేదు. "ఏంది సిస్టరమ్మా, గా లైటు ఎలుగుతలేదా?" అని వాళ్లమ్మ అడిగింది. మా తమ్ముడు నాటకమాడుతున్నాడని చెప్పాలా? ఆమె పొయ్యిలోంచి కొరివి తెచ్చి పట్టుకుంది. ఆ పొగలో నాకు కళ్లు కనపడలేదు. బిడ్డ పేగు మెడకేసుకుని ఉన్నాడని వేళ్లతో తడిమి తెలుసుకున్నాను. తల్లీబిడ్డా బతికారు కాబట్టి నువ్వూ బతికిపోయావు.

శనివారం నాటకానికి సెల్లులు నువ్వే కొనుక్కో. చర్ల బస్సుకు టైమైంది.

అక్క

సెల్లులు తీసేముందు ట్రిగ్గరు నొక్కి చూశాను. వంటిల్లంతా ఎర్రగా వెలిగింది. నీ చేతిలో పనితనం ఉందిరా. అందులో సగం వెలుగు నిన్న ఆ గుడిసెలో ఉన్నా సరిపోయేది.