దుప్పటి కప్పిన కంప్యూటర్

టెక్కలి, ఏప్రిల్ 2004, బుధవారం

కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని వదిన కబురంపితే పొద్దున్నే పలాస వెళ్లాను. అన్నయ్య పోయాక దాన్ని నేను ముట్టుకోలేదు. అసలే చిన్న డబ్బా, లోపల గాలి ఆడే చోటు లేదు. పైగా ఈ ఎండలు. చూస్తే, అన్నయ్య జ్వరంలో కప్పుకున్న దుప్పటి దాని మీద నిండుగా కప్పి ఉంది. స్పీకర్లలో అన్నయ్య చర్చిలో పాడిన పాట.

"దుప్పటి తీసీ వదినా, నేకపోతే మాడిపోద్ది" అన్నాను.

"కప్పితేనే ఎచ్చగుంటాది బావూ. సెయ్యేసి సూడు."

పాట ఆపి డబ్బా విప్పాను. దుమ్ము పట్టి ఫ్యాన్ బిగుసుకుపోయింది. బ్రష్‌తో దులిపి చుక్క నూనె వేస్తే తిరిగింది. మళ్లీ పాట పెట్టాను. ఈసారి డబ్బా వేడెక్కలేదు. గొప్పగా వదినని పిలిచి చెయ్యి వేసి చూడమన్నాను.

వేసి, చటుక్కున తీసేసింది. అన్నయ్య పోయిన రోజు తెల్లారి, చల్లబడ్డ పాదం మీంచి కూడా అలాగే తీసేసింది.

"పాట సీడీలోకి ఎక్కించి ఇస్తాను వదినా. ఇది పాడైనా పాట ఉంటాది."

"సీడీ ఎచ్చగుండదు కదా" అంది.

బయల్దేరుతూ గుమ్మంలోంచి చూశాను. మళ్లీ దుప్పటి కప్పి, అంచులు డబ్బా కిందకి దోపుతోంది. అలా కప్పితే అది ఈ వేసవి దాటదు. తెలిసీ గుమ్మం దిగేశాను.

ఇంటికొచ్చి పని చేసుకుంటూ నా కంప్యూటర్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. చాలాసేపు తియ్యలేకపోయాను.