ఎనిమిదో పేరు

వడపళని, చెన్నై
18 జూలై 2024

అమ్మణక్కకు సరస్వతి నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మనలిలో మీ తమ్ముడింట్లో నీకెలా ఉందో, ఆ ఫ్యాక్టరీల గాలి పడుతోందో లేదో. నాలుగు నెలలుగా ఫోన్ చేస్తే తీయవు. అందుకే ఉత్తరం.

నిన్న సినిమా పాట కోరస్‌కి వెళ్లాను. మైకు ముందు నీ చోట కార్తీక అని కొత్త పిల్ల నిలబడింది. మంచి గొంతే. పాట ఫోన్‌లో చూసి పాడుతుంది. నువ్వు తమిళ పాటను తెలుగు అక్షరాల్లో రాసుకుని, ఆ కాగితం నాకూ కనబడేలా పట్టుకునేదానివి. ఏడుపొచ్చింది, దగ్గు వచ్చినట్టు అటు తిరిగాను.

కోరస్‌కి మనుషుల్ని కుదిర్చే ఆనందన్ ఒకప్పుడు పేరుపేరునా ఫోన్ చేసేవాడు. ఇప్పుడంతా వాట్సాప్ గ్రూపు. ఎనిమిది మంది కావాలని పెడతాడు, ముందు పేరు పెట్టిన ఎనిమిది మందికే పని. ముప్పై ఏళ్లు పాడినదానివైనా, నీ బటన్ ఫోన్‌తో నువ్వు లేనట్టే లెక్క. నీ పేరు నేనే పెడతానని మాటిచ్చాను, ఏడాది పెట్టాను కూడా. తర్వాత నీకు పిలుపులు ఆగిపోయాయి. మా వంటింట్లో కూర్చుని, ఏమన్నా వచ్చిందా పాపా అని ఎన్నిసార్లు అడిగావు! చివరికి, నా గొంతు పొయ్యింది పాపా, ఈడ ఇంక ఎవురికీ వద్దు అని వెళ్లిపోయావు. ఇప్పుడు కూనిరాగం కూడా తీయడం లేదని వరదయ్య చెప్పాడు. మీ తమ్ముడి నోట ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మొన్న ఆనందన్‌తో పోట్లాడాను. బటన్ ఫోన్ వాళ్లను ముందు పిలిచి, ఆ తర్వాతే గ్రూపులో పెట్టమన్నాను. అక్క గొంతుకేమీ కాలేదని కూడా చెప్పాను. సరేనన్నాడు. ఆదివారం మూడింటికి నీకు ఫోన్ చేస్తాడు. తియ్యక్కా.

నీ చెల్లెలు,
సరస్వతి

తా.క.: ఇది పైన రాయడానికి చెయ్యి రాలేదు. మార్చిలో నువ్వు చివరిసారి వచ్చిన రోజు గ్రూపులో పిలుపు వచ్చింది. ఏడు పేర్లు నిండాయి, ఒక్కటే మిగిలింది. నాకూ రెండు నెలలుగా సరైన పని లేదు. నీ పేరు టైపు చేసి, చెరిపి, నాది పెట్టాను. నువ్వు ఎదురుగా కూర్చుని నాకోసం చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నావు. ఏమీ రాలేదన్నాను. అంతకుముందు రెండుసార్లూ అంతే చేశాను. అక్క పేరు రావడం లేదేమని ఆనందన్ అడిగితే, గొంతు పోయిందని చెప్పింది నేనే. నువ్వు ఆ మాట అనకముందే.