గట్టు పక్క సాళ్లు

నవంబర్ 27
మిరప ఆకులు మెలితిరిగాయి. మొన్నటిదాకా చేనంతా పూత. ఈరోజు చూస్తే చిగుళ్ళు తోకల్లా సన్నబడి కిందికి వాలాయి. మా ఆయన బ్రహ్మానందం ఒక కొమ్మ తుంచి, వైరస్ అన్నాడు.

నవంబర్ 28
నిరుడు కారంపూడి దారిలో చానా తోటలు వైరస్‌కే పోయాయి. పీకేసి జొన్న వేసుకున్నారు. ఆయనా అదే అంటున్నాడు. "దున్నిచ్చేద్దాం శ్యామలా. ఉంచితే ఊరందరి తోటలకీ అంటుకుంటది."
రేపటికి ట్రాక్టర్ మాట్లాడాడు.

నవంబర్ 29, ఉదయం 6
ఆయన కంటే ముందే చేలోకి వచ్చాను. అగ్రికల్చర్ అసిస్టెంట్ శ్రీవల్లికి ఫోటోలు పంపితే ఫోన్ చేసింది. వైరస్ అయితే అక్కడొకటి ఇక్కడొకటి వస్తదక్కా, సాళ్లెంట నడిచి చూడు అంది.
నడిచాను. గట్టు పక్క సాళ్లు మొత్తం పోయాయి. లోపలికి వెళ్ళేకొద్దీ తక్కువ. పడమటి చివర ఒక్క ఆకూ ముడవలేదు. గట్టుకు అవతల శౌరి అన్న మొక్కజొన్న. పోయిన వారం ఈదురుగాలిలో కలుపు మందు కొట్టాడు. ఆ గాలి మా చేను వైపే వీచింది.

అదే రోజు, 9
ట్రాక్టర్ వచ్చింది. ఆగమన్నాను. ఆయన వినలేదు. వెళ్ళి సాలు మధ్యలో కూర్చున్నాను. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.
సంగతి చెప్పగానే పార తీసుకుని గట్టు దాటాడు. శౌరి అన్న కూడా తగ్గలేదు. "నా చేలో నేను కొట్టుకున్నా. గాలికి నేనేం చేస్తా?" ఆయన పార ఎత్తాడు. నేను అడ్డం పడి చెయ్యి పట్టుకున్నాను. పెనుగులాటలో గాజులు పగిలి నా మణికట్టు కోసుకుంది. నెత్తురు చూసి ఇద్దరూ ఆగారు.

డిసెంబర్ 1
శ్రీవల్లి వచ్చి చూసింది. కలుపు మందే. మళ్ళీ చిగురు రావచ్చు, రాకపోవచ్చు, చేను మాత్రం ఆరనీయొద్దు అంది. కాలవకు నీళ్ళు ఆపేశారు. మాకు బోరు లేదు.

డిసెంబర్ 4
నేల నెర్రెలిచ్చింది.

డిసెంబర్ 5
చేలో నీళ్ళు! శౌరి అన్న తన బోరు పైపు మా వైపు తిప్పాడు. తల ఎత్తకుండా, "తప్పు నాదేనమ్మా. గాలి ఉందని తెలిసే కొట్టా" అన్నాడు.
ఆయన గట్టు మీద నిలబడి చూశాడు. నీళ్ళు వద్దనలేదు. పలకరించనూ లేదు.

డిసెంబర్ 19
చిగురు లేదు.

డిసెంబర్ 26
శౌరి అన్న మొక్కజొన్న పూతకొచ్చింది. ఇప్పుడు తడి తగ్గితే గింజ కట్టదు. బోరు సన్నగా పోస్తోంది, రెండు చేలకు చాలదు. ఇక చాలన్నా, నీ చేనుకు పెట్టుకో అన్నాను. "ఇంకొక్క తడి. నువ్వు ఊరుకో అమ్మా" అన్నాడు. అతని చేలో ఆకులు పొద్దున్నే చుట్టుకుపోయి ఉన్నాయి. చూడలేక ఇంటికొచ్చేశాను.

జనవరి 3
చిగురు! మెలిక లేని ఆకు. ఆయనకు చూపిస్తే మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తాకాడు.

ఫిబ్రవరి 16
మొదటి కోత. చేతుల మంటకు పెన్ను నిలవడం లేదు. గట్టు పక్క సాళ్లు పోయినట్టే. మిగతా తోట కాసింది. శౌరి అన్న కంకుల్లో సగానికి గింజ లేదు.
మధ్యాహ్నం ఆయన క్యారేజీ పట్టుకుని గట్టు దాటాడు.
"బావా, అన్నం తిన్నావా?"