పుస్తకానికి అతుక్కున్న నలభై ఒక్క టమాటాలు

వాన మొహం చాటేసిన ఏడాది నీ చేలో ఏ మొక్క నిలబడుతుందో చెప్పగలవా, ఇది చదివేవాడా? చెప్పలేవు. అందుకే రాస్తున్నాను.

ఆదివారం ప్రసంగీకుణ్ణి, వారమంతా టమాటాలవాణ్ణి అయిన నేను, డెబ్బై మూడో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో స్వయంగా రాస్తున్న వీలునామా ఇది. పొద్దున డాక్టరు మూడు వేళ్ళు చూపించి ఎన్నని అడిగాడు. మూడని చెప్పి, మధ్యవేలి గోరు పుచ్చిందని కూడా చెప్పాను. నా మతికి వేరే రుజువు అక్కర్లేదు.

ఒకటి. నా ఆస్తి నలభై ఒక్క రకాల టమాటా విత్తనాలు. అన్నీ నా దైవగ్రంథం పేజీల మధ్యే ఉన్నాయి. గింజల్ని కాగితం మీద ఆరబెట్టాలని ఎవరో చెప్పారు. ఇంట్లో ఉన్న కాగితం అదే. అతుక్కుంటాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. పంచాలంటే గ్రంథాన్ని చించక తప్పదు. ఆ పాపం నాది.

రెండు. మధ్యాహ్నం ఆకులు చుట్టుకుని తడి దాచుకునే రకం, కీర్తనల పేజీలతో సహా, నా కూతురికి. చిన్నప్పుడు అలిగితే అది కూడా దుప్పట్లో అలాగే చుట్టుకునేది. బుజ్జగించడం నాకు చేతకాలేదు. తల్లీ, నా కళ్ళజోడు కూడా నీకే.

మూడు. ఎంత వడగాలికీ పూత రాల్చని రకాన్ని నా భార్య సమాధి చుట్టూ నాటాలి. నా ప్రసంగాలన్నీ ముందు వరుసలో కూర్చుని విని, ఒక్కసారీ వాడిపోని మనిషి ఆవిడొక్కతే.

నాలుగు. విత్తనాల కొట్టు యజమానికి నా ముక్కాలిపీట. ఎర్రగా గుండ్రంగా ఒకే అచ్చులో కాసే రకం ఒక్కటి చాలు, మిగతావి పారెయ్యమని ముప్పై ఏళ్ళు నన్ను పోరుపెట్టాడు. అన్నీ ఒకే అచ్చయితే ఒకే తెగులుకి అన్నీ పోతాయయ్యా. వరదకి ముందు ఓడలోకి ఒక్క రకం జంతువునే ఎక్కించమని దేవుడు చెప్పాడా? పీట మీద కూర్చుని ఆలోచించు. దానికిప్పుడు రెండే కాళ్ళున్నాయి.

అయిదు. ఇక నా బావమరిది, గడియారాలు బాగుచేసేవాడు. ఏడేళ్ళ కిందట నా పెరట్లో నిలబడి, "బావా, కలుపు మొత్తం పీకేశాను" అన్నాడు, మెచ్చుకుంటానని. అది కలుపు కాదు. ఒంటి నిండా నూగుతో, గోలీకాయంత పండుతో, నాలుగు వారాలు చుక్క నీరు లేకపోయినా తల వాల్చని రకం. దాన్ని మంచి కాపు రకాలతో సంకరం చేస్తే ఎండిన నేలలోనూ పంట నిలుస్తుంది. చెత్తలో వెతికితే ఒక్క పండు దొరికింది. గింజలు పదిహేడు. వాడితో ఆ రోజే మాటలు మానేశాను.

ఆ పదిహేడూ క్షమించడం గురించిన పేజీల మధ్య ఆరబెట్టాను. రెండు పేజీలూ అతుక్కుపోయాయి. ఏడేళ్ళుగా ఆ అధ్యాయం నేను చదవలేదు, సంఘానికి బోధించలేదు. నరకం గురించి మాత్రం వారం వారం చెప్పాను. ఆ పేజీలు చక్కగా తెరుచుకుంటాయి.

ఆరు. అతుక్కున్న ఆ రెండు పేజీలూ వాడికే రాసిస్తున్నాను. వణక్కుండా చిన్న పట్టకారు పట్టగల చెయ్యి ఈ వీధిలో వాడిదే.

తేదీ: జూన్ పదకొండు, మంగళవారం.
సంతకం: టమాటా బోధకుడు
సాక్షులు: బేకరీ ఆవిడ, ఎదురింటి టైలరు (చూపు ఆనదంటే పైకి చదివి వినిపించాను).

తాజా కలం: ఆరో అంశానికి నా చావు దాకా ఆగకండి. ఏడేళ్ళ గింజ నా కోసం ఆగదు. టైలరూ, గడియారాల కొట్టుకి పరుగెత్తు. బావమరిదీ, పట్టకారు తెచ్చుకో, గిన్నెలో నీళ్ళు నేను పెడతాను. పేజీలు విడిపోగానే, కాగితం కరిగిపోయేలోగా, అందులో ఏం రాసుందో నాకు చదివి వినిపించు. తర్వాత నాటుదాం. ఇవాళే రా.