శ్రీశైలానికి నాకు కారు వద్దు

పెంచలప్రసాదూ,

రొయ్యల గుంటకు పొద్దున్నే మేత వెయ్యి. మబ్బు పట్టిందంటే ఏరియేటరు ఆపబాక, నీళ్లలో గాలి చాలక రొయ్యలు చచ్చి తేలతాయి. మీ అమ్మకు మోకాళ్ల మాత్ర అన్నం తిన్నాకనే ఇయ్యి.

నేను శ్రీశైలానికి బయలుదేరినాను. కోట నుంచి నెల్లూరు, అక్కడ నంద్యాల బస్సు. ఆ పైన ఆత్మకూరు. మన ఆత్మకూరు కాదు, నంద్యాల అవతలది. అడవిలో నడక ఆ పక్కనే మొదలు. శివరాత్రికి నడిచే జనం ఉంటారు, వాళ్ల వెంట పోతాను.

నువ్వు మాట్లాడిన కారులో నా చోట మీ మామను కూర్చోబెట్టు. రాత్రి ఆయన ముందర "ఈ కాలంలో నడిచేదేంది నాయనా, గుడి కాడే దిగొచ్చు గదా" అని నవ్వినావు. ఆయనా నవ్వినాడు. మీ అమ్మ లేచి లోపలికి పోయింది. నువ్వు చూడలేదు.

ఆమెను మాత్రం కారులోనే తీసుకురా. ఆమె బదులు నేను నడుస్తాను.

మీ నాయన

నీకు తెలియదులే. నాలుగేళ్లు నిండినా నీకు అడుగు పడలేదు. వీడు నడిస్తే నీ కొండకు నడిచి వస్తానని మీ అమ్మ మల్లన్నకు మొక్కుకుంది. నువ్వు నడిచినావు. మేమే ఇంకా నడవలేదు.