నా ప్రార్థన విన్నవారికి నడిమి గది

సోలాపూరు భవానీ పేటలో ఉంటున్న ఏలె యమునాబాయి అనే నేను, మగ్గం నేసి బతికిన కీర్తిశేషులు ఏలె అంబాదాసు భార్యను, మిషను ఆడపిల్లల బడిలో పంతులమ్మగా పనిచేసి మానుకున్నదాన్ని, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి చెందాలో స్వహస్తంతో రాసి పెడుతున్న వీలునామా ఇది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. పెట్టాలని చూసిన ఒకరి సంగతి నాలుగో అంశంలో వస్తుంది. నా మోకాళ్ళు పోయాయి, గొంతు సగం పోయింది, మతి మాత్రం ఉంది. లేదని కోర్టులో వాదించదలచినవారు వకీలును పెట్టుకునే ముందు ఒకసారి నా ఎదుటికి వచ్చి నిలబడితే చాలు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత బడిలో నాతో పనిచేసిన ద్రౌపదీబాయికి అప్పగిస్తున్నాను. ఆమె మరాఠీ మనిషి, నెమ్మదస్తురాలు. తెలుగు చదవలేదు గనుక దీన్ని ఆమెకు మరాఠీలో వినిపించాలి. వినిపించేవారు మర్యాద పేరుతో నా మాటల్లో కారం తగ్గించకూడదు.

2. వీధి వైపు గది, అందులోని మగ్గాలు, వాటి సరంజామా అంతా నా కొడుకు సిద్ధరాములుకు చెందుతాయి. వీడు పుట్టిన ఏడే బాప్తిస్మం పొందినవాడు. పెళ్ళీడు వచ్చేసరికి మా సంఘంలో నేతవాళ్ళ పిల్ల దొరకలేదు. క్రైస్తవం వదిలి కులంలో కలిస్తే పిల్లనిస్తామని కులపెద్దలన్నారు, వీడు కలిశాడు. నేను అడ్డుపడలేదు. ఆ మరుసటి ఆదివారం నుంచి చర్చికి ఒక్కదాన్నే నడిచాను. ఈ ఇంట్లో ప్రభువు పేరెత్తేది నేనొక్కదాన్నే. అంతమాత్రాన వాడి వాటా తగ్గించడం లేదు. కొడుకును శిక్షించడానికి మగ్గాలను వాడుకునే తల్లిని కాను. నాకు నోరుంది.

3. అంబాదాసు నేసిన ఆఖరి చద్దరు మనవరాలు అనసూయకు ఇస్తున్నాను. పెద్ద జ్వరాల ఏడు ఒళ్ళు వణుకుతుండగానే నేశాడు, అందుకే ఒక అంచు వంకర పోయింది. వారం తిరక్కుండా పోయాడు. అనసూయ ఆ అంచును మడిచి దాచకుండా కప్పుకోవాలి.

నా కళ్ళద్దాలు సంఘపెద్ద నర్సప్పకు ఇస్తున్నాను. నా ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు ఆయన కళ్ళు మూసుకోడు, గది పొడవూ వెడల్పూ చూస్తుంటాడు. స్పష్టంగా కనిపించడం మంచిది.

4. ఆ గది సంగతి. నేను పడుకునే నడిమి గదిని ప్రార్థన కూటానికి రాసిమ్మని నర్సప్ప చాలాకాలంగా అడుగుతున్నాడు. అడగడం తప్పు కాదు. బుధవారం బుధవారం వచ్చి, మునిసిపాలిటీ కుళాయి ఎప్పుడు వస్తున్నదో, మిల్లులో ఎవరి పని పోయిందో అన్నీ దేవునికి విన్నవించి, చివర ఈ గది మాట ఎత్తేవాడు. పోయిన ఏడు మాత్రం వేరుగా మాట్లాడాడు. గది సంఘానికి ఇస్తే నా సమాధి దగ్గరికి పెద్దలందరూ వచ్చి ప్రార్థించి పాట పాడతారట. ఇవ్వకపోతే ఆ రోజు ఎవరికి తీరిక ఉంటుందో చెప్పలేడట.

ఆ మాటకు నేను భయపడ్డాను. చావంటే భయం లేదు. నా మీద మన్ను పోసేటప్పుడు ప్రభువుతో ఒక్క మాట చెప్పే మనిషి లేకుండా పోతుందేమోనని భయం. కొడుకు చెప్పడు, కోడలిది వేరే మతం. గది రాసిద్దామని కాగితం కూడా తెప్పించాను.

5. ఆ నడిమి గదిని, అందులోని మంచంతో సహా, నా కోడలు గంగుబాయికి ఇస్తున్నాను. ఆమె భర్తకు కాదు, ఆమెకు. ఆ గదిలో మరో మగ్గం దించాలన్నా సిద్ధరాములు ఆమెను అడిగి దించాలి. కారణం రాయకపోతే నర్సప్ప మందు పెట్టారంటాడు, అందుకని రాస్తున్నాను.

దీపాలు పెట్టే వేళ నేను ఆ గదిలో మోకరించి పైకి వినబడేలా ప్రార్థన చేసేదాన్ని. మిషను వారు నాకు చదువు, అన్నం, ప్రార్థన మూడూ మరాఠీలోనే పెట్టారు. తెలుగు రాత పెళ్ళయ్యాక నేర్చుకున్నాను గాని, దేవునితో తెలుగులో మాట్లాడడం నాకు ఈనాటికీ రాదు. గంగుబాయి సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు మరాఠీ ఒక్క ముక్క రాదు. గోడ అవతల కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టుకునేది. ఆమెకు అర్థం కాదన్న ధైర్యంతో నేను ఏదీ దాచుకోలేదు. పప్పులో ఉప్పు సంగతి, ఆమె ముక్కుమీది కోపం సంగతి ప్రభువుకు నివేదించాను. మోకాళ్ళకు ఉడుకునీళ్ళు కావాలని, జొన్నరొట్టె పళ్ళకు గట్టిగా ఉందని, మగ్గాల చప్పుడులో నా మాట నాకే వినబడడం లేదని చెప్పుకున్నాను.

జవాబులు వచ్చాయి. తెల్లారేసరికి బిందెడు ఉడుకునీళ్ళు ఉండేవి. రొట్టె మజ్జిగలో నాని వచ్చేది. దీపాల వేళకు మగ్గాలు ఆగిపోయేవి. నేను చర్చిలో లేచి నిలబడి, నా ప్రార్థనకు ప్రభువు తెల్లవారేలోపు జవాబిస్తాడని సాక్ష్యం చెప్పాను. నర్సప్ప ముఖం చిన్నబోయింది. అది చూసి సంతోషించాను కూడా.

పోయిన వానాకాలం నా గొంతు పడిపోయింది. లోలోపలే ప్రార్థించాను. కొత్తగా చెవిపోటు మొదలైంది, కిటికీ సందుల్లోంచి చలిగాలి కొడుతున్నది. అడిగాను, తెల్లవారింది, ఏమీ రాలేదు. మళ్ళీ అడిగాను. అంబాదాసు పోయినప్పుడు కూడా నేను అంత ఒంటరిని కాలేదు. ఆ ఏడుపంతా వినడానికి ప్రభువున్నాడు. ఈసారి ఆయనే లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది.

అప్పుడు గంగుబాయి చేతిలో కండెతోనే వచ్చి గడప అవతల నిలబడింది.

"అత్తా, వారం దినాల సంది నోట్లనే గొనుక్కుంటున్నవు. నీకేం గావాల్నో నాకెట్ల ఎర్కైతది?" అన్నది.

మరాఠీ ఎప్పటి నుంచి వచ్చునని చేతి సైగలతో అడిగాను. బీడీల కార్ఖానాలో మరాఠీ ఆడవాళ్ళ మధ్య పనికి చేరిన ఏడే వచ్చిందట. మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమంటే, "నువ్వు దేవునితోని మాట్లాడుతుంటె నడుమల నేనేం జెప్పాలె? గని ఉడుకునీళ్ళు దేవుణ్ణెందుకు అడుగుతవ్, పొయ్యి కాడ ఉన్నది నేనాయె" అన్నది. ఆమె కోపం గురించి నేను చెప్పినవన్నీ కూడా విన్నది. వాటిలో ఒక్కటీ తిరిగి నాకు అప్పజెప్పలేదు.

అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ప్రార్థన అంటే దేవునితో మాట్లాడడమని బోర్డు మీద రాసి, కింద గీత గీసి, ఎందరో పిల్లలకు నేర్పాను. అది తప్పు కాదు గాని సగమే. నా మొర దేవుడు విన్నాడా, గోడ అవతల కోడలు విన్నదా అని తేల్చుకోబోయాను, తేలలేదు. తండ్రి బిడ్డ అడిగింది తన చేత్తోనే ఇవ్వాలని ఎక్కడా రాసి లేదు. పొయ్యి దగ్గరున్న మనిషి చేత ఇప్పిస్తే ఆయన ఇవ్వనట్టు కాదు.

ఇప్పుడు ఉడుకునీళ్ళు గంగుబాయినే అడుగుతున్నాను. దీపాల వేళ ప్రభువును అడగడానికి ఏమీ మిగలక మొదట్లో చేతులు ఖాళీ అయినట్టుండేది. ఊరికే ఆయన ముందు కూర్చుంటున్నాను. ఏమీ కావాలని లేకుండా కూర్చోవడం అడగడం కన్నా కష్టం. ఆయన ఏమీ అనడు. నేనూ ఏమీ అనను. ఒంటరితనం తగ్గిందని అబద్ధం రాయను. కాని ఆ ఒంటరితనంతోనే ఆయన దగ్గరికి వెళ్ళవచ్చునని, ప్రార్థనకు మొదలు అదేనని, పళ్ళన్నీ ఊడాక తెలిసింది.

6. ఈ గది తీసుకున్నందుకు గంగుబాయి మతం మారాలని గాని, దీపాల వేళ ప్రార్థించాలని గాని షరతు లేదు. అటువంటి షరతు ఒకటి రాసి కొట్టేశాను. వీలునామాకు భయపడి చేసే ప్రార్థన దేవునికెందుకు?

7. నన్ను మిషను శ్మశానంలో అంబాదాసు పక్కన పాతిపెట్టాలి. పెద్దలు గది లేకపోయినా వస్తే సంతోషం. రాకపోతే వారి కోసం శవాన్ని ఆపవద్దు. గంగుబాయి గుంత దాకా రావాలి. ఆడవాళ్ళు రాకూడదని సిద్ధరాములు అంటే, ఇది తన వీలునామా కాదని వాడికి చెప్పాలి. మన్ను పోసే ముందు ఆమె ప్రభువుతో నా గురించి ఏదైనా చెప్పవచ్చు. నా కోపం గురించి, నా నోటి గురించి చెప్పినా సరే, నేను ఆమె మీద అంతకన్నా ఎక్కువే చెప్పాను. తెలుగులోనే చెప్పాలి. ఆ భాషలో ఆయనతో మాట్లాడడం నాకు రాలేదు. నా తరఫున తెలుగు మాట మొదట ఆమె నోటి నుంచే ఆయన వినాలని నా కోరిక.

సోలాపూరు, 1937 నవంబరు 12, శుక్రవారం.

(సంతకం) ఏలె యమునాబాయి

సాక్షులు, ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసినవారు:
పాండురంగ్, మందుల దుకాణం, భవానీ పేట
పెంటప్ప, ఎదురింటి నేతగాడు (వేలిముద్ర)