తడి నేల మీద పలకలు

దోహా,
శుక్రవారం.

శంకరన్నకు, వదినకు తమ్ముడు రాజేశం నమస్కారాలు. బాపు మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? అవ్వ వేళకు తింటోందా? పిల్లలు బడికి పోతున్నారనే అనుకుంటున్నాను. నాకు ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకండి. ఎండ ఇంకా తగ్గలేదు. సముద్రం గాలికి ఉతికిన చొక్కా కూడా ఆరడం లేదు. క్యాంప్‌లో పప్పూ అన్నం మేమే వండుకుంటున్నాం. పోయిన ఉత్తరం కవరు మీద వదిన దుబాయ్ అని రాసింది. అది ఎక్కడెక్కడో తిరిగి ఆలస్యంగా చేరింది. ఇకమీదట ఖతార్ అని రాయమను.

ఇప్పుడు అసలు సంగతి. నా గదిలో ఉండే మన ఊరి గంగారాం వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు. మంచివాడే, కానీ నోరు ఆగదు. రాజేశం షేక్ ఇంట్లో నేల చెడగొట్టాడనీ, కార్పెంటర్ పని పోయి ఇటుకలు మోస్తున్నాడనీ బస్సు దిగకముందే చెబుతాడు. ఇటుకలు మోస్తున్న మాట నిజం. మిగతాది నా నుంచి విను.

వెస్ట్ బే వైపు కొత్తగా కట్టిన ఒక పెద్ద ఇంట్లో కింది హాలుకు కర్ర నేల వేయాలని నన్ను పంపారు. ఆ పలకలు నువ్వు చూసి ఉండవు. పైన సన్నటి అసలు కర్ర, కింద అడ్డంగా నిలువుగా అతికించిన పొరలు. ఒక అంచున గాడి, రెండో అంచున అందులో దూరే నాలుక. మేకులు కొట్టి బిగించాలంటే కింద చెక్క చట్రం కావాలి. అప్పుడు నేల ఎత్తు పెరిగి తలుపులు తెరుచుకోవు. ఇక మిగిలినవి రెండే దారులు. సిమెంటు మీద బంక పూసి పలకలను అతికించడం ఒకటి. ప్లాస్టిక్, దాని మీద పలచటి స్పాంజి పరిచి, గాడిలో మాత్రం బంక పెట్టి, నేలకు అంటకుండా పలకలను పరచడం రెండోది.

ఆ సిమెంటు పోసి ఎంతో కాలం కాలేదు. చెయ్యి పెడితేనే నాకు తెలిసింది. అయినా ఒక ప్లాస్టిక్ ముక్కను నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించాను. తెల్లారి చూస్తే దాని కింద నీటి చుక్కలు. ఫోర్‌మన్‌ను పిలిచి చూపించాను. ఆయన పేరు సూర్యారావు, గోదావరి వైపు మనిషి. మన భాషవాడు ఫోర్‌మన్‌గా దొరికాడని మొదట్లో ఎంత సంతోషపడ్డానో.

"సార్, నేల ఇంకా పచ్చిగ ఉన్నది. అతికిస్తె పలకలు ఉబ్బుతయ్. కింద ప్లాస్టిక్ ఏసి పరుద్దాం," అన్నాను.

"అలా పరిస్తే అడుగేసినప్పుడల్లా డొల్లగా మోగుతుందయ్యా. చప్పుడు రాకూడదని షేక్ ముందే చెప్పాడు. అతికించెయ్."

"గోడ పొంటి వేలంత సందన్న ఇడుద్దాం సార్, ఉబ్బినా జాగ ఉంటది. మీదికెల్లి పట్టీ కొడితె కనబడది."

"సందు చూస్తే కొలత రానివాడని నవ్వుతారు. ఊళ్ళో నాగళ్ళు చెక్కుకునేవాడివి, నాకు ఫ్లోరింగ్ నేర్పుతున్నావా? నెలన్నరలో షేక్ కొడుకు పెళ్ళి. యల్లా, కానియ్, పని చూడు."

"నాగలైనా గిదైనా కర్రే గద సార్," అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

అతికించాను. గోడకు ఆనించి, సందు లేకుండా, ఆయన చెప్పినట్లే.

మూడు వారాలు తిరక్కముందే పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని హాలు మధ్యలో పైకి లేచాయి. కింద చెయ్యి దూరేంత ఖాళీ. బంక ఇంకా తెల్లగా, జిగటగానే ఉంది. ఇంజనీరు వచ్చి అడిగితే, నా ఎదుటే, నేను గోడ దగ్గర సందు వదలలేదని సూర్యారావు చెప్పాడు. అన్నా, సందు వదులుదామని బతిమాలింది నేను! నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో చెప్పబోతే, ఆ మనిషి నా భుజం మీద చెయ్యి వేసి "నువ్వుండవయ్యా, నేను మాట్లాడతాను" అన్నాడు. మాట్లాడి నన్ను ముంచాడు.

మర్నాడు ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. గంగారాం చదివి చెప్పాడు, నా చేతకానితనం వల్లే నేల పాడైందని ఉందట.

"సంతకం గీకి పడెయ్ రా. ఇంగ్లీషుల నీ పేరు పాడైతె ఊరోళ్ళకేం ఎరుక?" అన్నాడు.

"చదివినోడివి నువ్వే ఊరికి పోతున్నవ్ గద," అన్నాను.

సంతకం పెట్టలేదు. ఆ రోజే నన్ను కార్పెంటర్ డ్యూటీ నుంచి తీసి ఇటుకల మోతకు వేశారు. నా ఉలి, రంపం పట్టుకుని ఇంకెవరో పని చేస్తుంటే చూస్తూ మోస్తున్నాను. ఒళ్ళు అలవాటు పడింది, కడుపుమంట మాత్రం తగ్గలేదు.

మొన్న సూర్యారావు ఇటుకల దగ్గరికే వచ్చాడు. "కొత్త పలకలొచ్చాయి. పెళ్ళికి పది రోజులే ఉంది. నీ చెయ్యి నీటుగా ఉంటుంది, రావయ్యా. ఈసారి గోడ దగ్గర సందు వదులుదాంలే."

"కింద ప్లాస్టిక్ ఏస్తరా?"

"మళ్ళీ అదే పాట! అతికించడమే."

"నేల ఇంక పచ్చిగనే ఉన్నది సార్. అతికియ్య."

"అయితే ఇటుకలే మోసుకో."

"మోస్త."

ఇదీ జరిగింది. గంగారాం తిరిగి వచ్చేటప్పుడు అతనితో మామిడి తొక్కు పంపు. ఇంట్లో ఉన్న నా బాడిశకు నూనె రాసి పెట్టు, అరువు అడిగితే ఎవరికీ ఇవ్వకు. బాపుకూ అవ్వకూ నా దండాలు చెప్పి, నన్ను దీవించమని అడుగు. వదినకు, పిల్లలకు, మన వాడలో నన్ను అడిగినవాళ్ళందరికీ బాగున్నానని చెప్పు.

ఈ సంగతి బాపుకు గంగారాం కంటే ముందు నువ్వే చెప్పు. నాకు కర్ర పని నేర్పినవాడు, ఆయన ఫోర్‌మన్‌ను తిట్టడు. తడి అని తెలిసి వీడు ఎట్ల అతికించిండని అడుగుతాడు. పని తీసేసి ఊరికి తిరిగి పంపిస్తారని మొదటిసారి భయపడి అతికించాడని చెప్పు. దాచకు. రెండోసారి పిలిస్తే పోలేదని కూడా చెప్పు.

నీ తమ్ముడు
రాజేశం